నాన్న పంచెలో చుట్టిన మనవడు

కలరా ఉండల వాసనంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఈ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. బీరువా తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంటే బట్టలు భద్రంగా ఉన్నాయని నాకు ధీమా. మండపేటలో మా ఇంటి ముందుగదే నా టైలరింగు షాపు. పాతికేళ్ళు దాటింది, ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. గుడ్డ మీద బతికేదాన్ని, గుడ్డకి పురుగు పట్టిందంటే నాకు పట్టినట్టే. అందుకని రెండు వేసే చోట నాలుగు ఉండలు వేసేదాన్ని. మా ఆయన రైసు మిల్లు నుంచి వస్తూనే ముక్కు మూసుకుని, "మాకు కూడా తలా రెండు జేబులో వెయ్యి, చెడిపోకుండా ఉంటాం" అని ఆటపట్టించేవాడు.

ఆ మాట అనడం ఆయన మానేసి ఎనిమిది నెలలు దాటింది. ఇప్పుడు మా ఇంట్లో ఒక్క ఉండ కూడా లేదు.

మా మనవడికి తొమ్మిదో నెల నడుస్తోంది. గండం గడిచింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. రాయమన్నది మా అమ్మాయి లావణ్య. వచ్చిన ప్రతి ఆవిడకీ కొలతలు తీసుకుంటూ ఈ కథంతా చెబుతున్నానట, సగం మందికి జాకెట్టు చేతులు బిగుతవుతున్నాయట. ఒకసారి రాసి పడేస్తే అందరూ చదువుకుంటారు, జాకెట్లూ బాగుంటాయి అంది. నిజమే కావచ్చు. కానీ నేను రాస్తున్నది అందుకు మాత్రమే కాదు. ఆ రోజుల్లో నేను విన్న ఒక సంగతి నా తలలోంచి పోవడం లేదు. అది ఎవరికైనా చెప్పి, మీకూ ఇలాగే ఒళ్ళు ఝల్లుమంటోందా అని అడగాలని ఉంది.

పుట్టిన రోజు

తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మా వైపు ఆనవాయితీ. అల్లుడు శ్రీను కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఏడో నెలలో లావణ్యని తీసుకొచ్చి మా దగ్గర దింపి వెళ్ళాడు. వాళ్ళమ్మ రామలక్ష్మి గారిది ఆత్రేయపురం. పూతరేకులు తీసే చెయ్యి ఆవిడది, ఎప్పుడొచ్చినా ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకునే వస్తుంది. మనిషి మంచిదే గానీ పద్ధతుల దగ్గర పోలీసు. నొప్పులు మొదలవకముందే నాకు ఫోను చేసి, పురుడు వెళ్ళేదాకా బిడ్డకి కొత్త గుడ్డ తగలనివ్వకండి వదినగారూ, బాగా బతికినవాళ్ళ పాత గుడ్డలు వెయ్యండి, ఆయుష్షు అని చెప్పింది.

ఆ మాట ఆవిడ నాకు చెప్పాలా. అప్పటికే నాన్న పంచె పెట్టెలోంచి తీసి ఉంచాను.

నాన్న ఎనభై ఎనిమిదేళ్ళు బతికాడు. చివరి ఏడాది వరకూ కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పొలం వెళ్ళిన మనిషి. ఆయనకి మేం ఇద్దరం, అన్నయ్యా నేనూ. అన్నయ్య ఆయన్ని అచ్చు గుద్దినట్టుంటాడు. అదే ముక్కు, అదే నడక, ఆఖరికి గురక కూడా అదే. చుట్టాలు వచ్చినప్పుడల్లా వాడి ముక్కు చూసి మురిసిపోయి, నా వైపు తిరిగి, ఈ పిల్లది మొత్తం తల్లి పోలిక అనేవారు. నాన్న కూడా నవ్వుతూ, "దీన్లో నాది ఏమీ లేదు" అనేవాడు. సరదాకే అనేవాడు. కానీ కొన్ని సరదా మాటలు గుండుసూదిలా గుడ్డలోనే ఉండిపోతాయి, ఎప్పుడో చెయ్యి పెట్టినప్పుడు గుచ్చుకుంటాయి. ఆయన పోయాక, నీకేం కావాలమ్మా అని అన్నయ్య అడిగితే ఒక్క పంచె అడిగి తెచ్చుకున్నాను.

ఆరేళ్ళు దాన్ని ట్రంకు పెట్టెలో దాచాను. ఎన్ని ఉండలు వేశానో చెప్పక్కర్లేదు. కాన్పుకి వారం ముందు తీసి, మెత్తటి చోట చూసుకుని కత్తిరించి, రెండు చిన్న జుబ్బాలు, అరడజను పక్కగుడ్డలు, చుట్టబెట్టడానికి ఒక పెద్ద ముక్క కుట్టాను. ఉతకలేదు. ఉతికితే నాన్న వాసన పోతుందనుకున్నాను. ఆరేళ్ళ తరవాత అందులో ఉన్నది కలరా ఉండల వాసనే తప్ప నాన్న వాసన కాదని, గుడ్డ మీద బతికే నాకు తట్టలేదు.

మనవడు మూడు కిలోలు పుట్టాడు. నర్సు తెచ్చి చేతిలో పెట్టగానే నా చేత్తోనే నాన్న పంచెలో చుట్టాను. సాయంత్రం రామలక్ష్మి గారు వచ్చి ముందు వాడి చెవి చూసింది. కుడి చెవి ముందు సూదిమొన పట్టేంత చిన్న గుంట ఉంది. ఆవిడకీ అక్కడే ఉంది, శ్రీనుకీ ఉంది. "మా చెవేనండి" అని తన చెవి చూపించి అందరికీ పూతరేకులు పంచింది. నేను నాన్న ముక్కు కోసం వెతికాను. రాలేదు.

నాలుగో రోజు

ఇంటికొచ్చాక వాడి ఒళ్ళు పచ్చబడుతోందని మొదట చూసింది లావణ్య. పసిపిల్లలకి మామూలేనే, పొద్దుటెండలో పెడితే పోతుంది అని నేనే కొట్టిపారేశాను. ఎదురింటావిడ వచ్చి కామెర్లకి పసరు పోసే మనిషి ఉన్నాడంది. దానికి మాత్రం మా ఆయన ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మొండితనం మమ్మల్ని కాపాడింది.

మధ్యాహ్నానికి వాడు పాలు తాగడం మానేశాడు. రొమ్ము నోట్లో పెడితే రెండు గుటకలు వేసి నిద్రలోకి జారిపోతున్నాడు. పక్కగుడ్డ మార్చబోతే మరక కనబడింది. పసిపిల్లాడి ఉచ్చ నీళ్ళలా ఉండాలి కదా, ఇది చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంది. భయంతో పాటు ఇంకొకటి కూడా అనిపించింది. ఆ రంగు నేను ఇంతకు ముందు ఎక్కడో చూశాను. ఎక్కడో మాత్రం గుర్తు రాలేదు.

కాన్పు చేసిన నర్సింగ్ హోముకి పరిగెత్తితే డాక్టరు గారు కంటి రెప్ప లాగి చూసి, కాకినాడ తీసుకెళ్ళండి, ఇప్పుడే అన్నారు. పక్కవీధి అబ్బాయి కారు తీశాడు. దారి పొడుగునా ధాన్యం లారీలు. ఒక్కొక్క లారీ దాటుతుంటే లావణ్య బిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకునేది. ఆ కారులో కూడా వాడు నాన్న పంచెలోనే ఉన్నాడు.

కాకినాడలో మొదటి రోజులు

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి నీలం లైటు కింద పడుకోబెట్టారు. కళ్ళకి గంతలు కట్టారు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే ఒంటి మీద నూలుపోగు లేకుండా, బోసి కాళ్ళు అప్పుడప్పుడూ కదుపుతూ కనిపించాడు. నెత్తురు విరిగిపోతోందన్నారు. పచ్చదనం తలకెక్కితే ప్రమాదమన్నారు. లైటుతో తగ్గకపోతే ఒంట్లో నెత్తురు తీసి వేరే నెత్తురు ఎక్కించాలన్నారు. తగ్గలేదు. ఎక్కించారు. అది జరుగుతున్నంతసేపూ నేనూ, మా ఆయనా, శ్రీనూ హాల్లో మూడు కుర్చీల్లో కూర్చుని ఆ తలుపే చూస్తున్నాం. ముక్కూ మొహం తెలియని ఎవరో ఇచ్చిన నెత్తురు మావాడి ఒంట్లో తిరుగుతోందని తలచుకుంటే, ఇప్పటికీ ఆ మనిషి ఇంటి వైపు తిరిగి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ ఇల్లు ఎక్కడుందో మాత్రం తెలీదు.

ఆ రోజే రామలక్ష్మి గారు బస్సు దిగి వచ్చింది. మొదటిసారి వట్టి చేతులతో వచ్చింది. ఆ ఖాళీ చేతులు చూశాక నాకు నిజంగా భయం వేసింది.

మర్నాడు పొద్దున్న ఒక నర్సమ్మ బయటికొచ్చి, బిడ్డ గుడ్డల మూట నా చేతికి ఇస్తూ ఆగింది. మూట ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏంటమ్మా ఈ వాసన, బీరువా తెరిచినట్టుంది" అంది. నేను గర్వంగానే చెప్పాను, మా నాన్న పంచె, ఆరేళ్ళు దాచానని. ఆవిడ ఇంకేం అడగకుండా మూట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి, కలరా ఉండలు వేశారా, ఎన్నాళ్ళు వేశారు, ఉతికారా, పుట్టిన దగ్గర్నుంచీ ఇవే వేస్తున్నారా అని ఒక్కొక్కటే అడిగింది. గొంతు పెంచలేదు. అన్నిటికీ అవుననో కాదనో చెప్పాను. కొంతమంది పిల్లల నెత్తురుకి ఆ ఉండలు అస్సలు పడవనీ, మీ వాడు ఆ కోవలోవాడేమోనని అనుమానంగా ఉందనీ చెప్పి వెళ్ళింది.

లావణ్య గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నది. నేను దగ్గరికి వెళ్తే ఒక అడుగు వెనక్కి వేసింది.

"అమ్మా, నువ్వు వాణ్ణి ముట్టుకోకు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వేడి పెనం దగ్గర పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నేను తలూపాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకున్నాను.

ఎనిమిదో రోజు

ఆసుపత్రి హాల్లో మాకు పక్కన చేపల రేవు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. కూతురి బిడ్డ నెలలు నిండకుండా పుట్టి లోపల ఉంది. మొదటి రోజు నుంచీ తన చాప సగం నాకు పరిచింది. ఎందుకొచ్చావని అడగలేదు, ఏం తప్పు చేశావని అడగలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి నవ్వుతూ ఉంది. "మీవోడు ఏడిచాడండి. తలుపు తీసినప్పుడు విన్నాను. బాగా గట్టిగా ఏడిచాడండి" అంది. నాలుగు రోజులుగా గొంతే లేనివాడు ఏడ్చాడన్న మాట అంత తీపిగా ఉంటుందని నాకు తెలీదు. ఇద్దరం చాప మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాం.

ఆ మధ్యాహ్నం రామలక్ష్మి గారు నా పక్కకి వచ్చి కూర్చుంది. ఏం అంటుందోనని భయపడ్డాను. మన ఇంట్లో ఇలాంటివి లేవురా అని అప్పటికే ఆవిడ శ్రీనుతో అనగా విన్నాను. ఆవిడ తన వేళ్ళు చూసుకుంది. పూతరేకుల కుండ సెగకి కాలి కాలి గట్టిపడిన వేళ్ళవి.

"పాత గుడ్డలు వెయ్యమని ఫోను చేసింది నేనే కదండీ వదినగారూ. మీరొక్కరే మొయ్యకండి" అంది.

ఆవిడ మీద అంతకు ముందు నాకున్న చిన్నా పెద్దా కోపాలన్నీ ఆ ఒక్క మాటకి కరిగిపోయాయి. ఇద్దరం ఒకే గ్లాసులో టీ సగం సగం తాగాం.

పదకొండో రోజు

ప్రమాదం దాటింది, రేపు ఇంటికి వెళ్ళొచ్చు అని చెప్పడానికి డాక్టరమ్మ మమ్మల్నందర్నీ గదిలోకి పిలిచింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వాడి నెత్తురులో ఒక రక్షణ పదార్థం తక్కువగా ఉండి ఉంటుందనీ, దాన్ని జీ సిక్స్ పీడీ లోపం అంటారనీ, ఎర్ర కణాలు మామూలప్పుడు బాగానే ఉండి, కలరా ఉండల్లాంటివి తగిలినప్పుడు విరిగిపోతాయనీ చెప్పింది. ఖాయంగా చెప్పాలంటే మూడు నెలలు ఆగి పరీక్ష చేయాలి. ఇప్పుడు ఒంట్లో ఉన్నది సగం పరాయి నెత్తురు, అది తప్పు చెబుతుంది. ఇది అంటుకునేది కాదు, పుట్టుకతో వచ్చేది అంది.

మా ఇళ్ళలో ఎవరికీ లేదే అన్నాం అందరం. అప్పుడావిడ ఒక కాగితం వెనక్కి తిప్పి జతలు జతలుగా గీతలు గీసింది. మనిషి ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇరవై మూడు జతల క్రోమోజోములు ఉంటాయట. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒళ్ళు ఎలా తయారవాలో వాటిలో ఉంటుందట.

నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది. "కొలత జాకెట్టు లాగానా అండి?"

డాక్టరమ్మ పెన్ను ఆపింది. చెప్పమంది. మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు తమకి బాగా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారు, దాన్ని కొత్త గుడ్డ మీద పరుచుకుని చూసి కత్తిరిస్తాం అన్నాను. ఒకటి కాకుండా రెండు ఇచ్చారనుకోండి, ఒకదాని చంక దగ్గర తేడా ఉన్నా రెండోది చూసుకుని కుట్టేస్తాం. లావణ్య నా వైపు చూసింది. వారం రోజుల్లో అదే మొదటిసారి.

"దాదాపు అంతేనండి" అంది డాక్టరమ్మ. ఇక అక్కణ్ణుంచీ జాకెట్లతోనే చెప్పింది. ఇరవై రెండు జతలకి ఆడా మగా తేడా లేదు. వాటిని ఆటోసోములు అంటారు. వాటిలో వచ్చేవి తల్లి నుంచైనా తండ్రి నుంచైనా, కొడుక్కైనా కూతురికైనా ఒకేలా వస్తాయి. రామలక్ష్మి గారి చెవి గుంట అలాంటిదే. కొన్ని లక్షణాలకి జతలో ఒక్కటి చెబితే చాలు, కనబడతాయి. ఇంకొన్నిటికి రెండూ ఒకే మాట చెప్పాలి, లేకపోతే దాక్కునే ఉంటాయి. రామలక్ష్మి గారు చెవి తడుముకుని, అంత దుఃఖంలోనూ కాస్త నిటారుగా కూర్చుంది.

ఇరవై మూడో జత వేరు. ఆడదానికి రెండు ఎక్స్‌లు. మగవాడికి ఒక ఎక్స్, ఒక వై. వై చాలా పొట్టిది. నెత్తురుని కాపాడే ఈ పదార్థం కొలత ఎక్స్‌లోనే ఉంది, వైలో అసలు లేదు. ఆడపిల్లకి ఒక ఎక్స్‌లో తేడా ఉన్నా రెండోది ఆదుకుంటుంది, మరీ అరుదుగా తప్ప ఆమెకి ఇబ్బంది తెలీదు. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే. అది తల్లి ఇచ్చిందే. అందులో తేడా ఉంటే చూసుకోవడానికి రెండో జాకెట్టు లేదు.

"అంటే వాడిది చిరిగిన జాకెట్టన్నమాట" అన్నాను.

"చిరగలేదండి. ఒక్క కుట్టు తేడా. అంతే."

జాకెట్టులో ఎన్ని వేల కుట్లుంటాయో నాకు తెలుసు. ఒక్క కుట్టు తప్పితే కుట్టినదానికి కూడా కనబడదు. ఇది కంటికి కనిపించనంత చిన్న గదిలో, జత కట్టి దాచుకున్న ఒక పోగులో, ఒకే ఒక్క కుట్టు. ప్రతి మనిషి దగ్గరా మళ్ళీ మొత్తం కొత్తగా కుడుతున్నారు, ఆ తప్పుని కూడా విడవకుండా, తప్పిన చోటే తప్పిస్తూ కుడుతున్నారు. అలా కుట్టే చెయ్యి ఎవరిదో గానీ దాని పనితనం ముందు నా పాతికేళ్ళ అనుభవం దూది. భయంతో వారం రోజులు బిగుసుకుపోయిన నాకు ఆ గదిలో మొదటిసారి భయం కాకుండా వేరేది కలిగింది. గుళ్ళో తలుపులు తీసినప్పుడు కలిగే లాంటిది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ తేడా ఉన్నవాళ్ళు పాతకాలంలో మలేరియాని కాస్త బాగా తట్టుకుని ఉంటారని శాస్త్రజ్ఞులు అనుకుంటారట. మలేరియా అన్న మాట చెవిన పడగానే నాకు టీ డికాక్షన్ రంగు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

మూడో నెల

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్నకి చలిజ్వరం వచ్చింది. ఊళ్ళోకి ఆరోగ్య శాఖ వాళ్ళొచ్చి బిళ్ళలిచ్చారు. రెండు రోజుల తరవాత పశువుల పాక వెనక ఆయన ఉచ్చ పోసిన చోట టీ డికాక్షన్ ఒలికినట్టు నేల నల్లగా ఉండటం నేను చూశాను. కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి. నెల రోజులు మంచంలో ఉన్నాడు. ఆ తరవాత జీవితాంతం ఆ బిళ్ళల పేరెత్తితే, అవి నా ఒంటికి పడవు అనేవాడు. పెద్దవాళ్ళు అలా ఎన్నిటినో పడవంటారు, ఎవరు పట్టించుకుంటారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్యకి ఫోను చేసి అడిగాను. వాడికి నాకంటే బాగా గుర్తుంది. "నాకూ జ్వరమొచ్చింది కదా చెల్లెమ్మా. అవే బిళ్ళలు నేనూ మింగాను. నాకేం కాలేదు" అన్నాడు. నువ్వు గట్టివాడివిరా, నా కంటే గట్టివాడివి అని నాన్న అప్పుడు వాడి భుజం తట్టాడట.

ఈ మూడు నెలలూ లావణ్య కాకినాడలో అల్లుడి క్వార్టర్సులోనే ఉంది. మా ఇంటికి తిరిగి రాలేదు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. వారం వారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, వాడు రామలక్ష్మి గారి ఒళ్ళో ఆడుకుంటుంటే చూసి, మళ్ళీ బస్సెక్కేదాన్ని. ముట్టుకోవద్దన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు. ఉండలు పారేశాను, బీరువా కడిగాను, తలంటుకున్నాను, అయినా నా చేతులకి ఇంకా వాసనుందేమోనని బస్సులో చూసుకునేదాన్ని.

మూడో నెల నిండాక వాడికి పరీక్ష చేశారు. అనుమానం నిజమే. కూతురి ఎక్స్‌లు రెండు, ఒకటి నాది, ఒకటి మా ఆయనది. ఏది తేడాదో తెలుసుకోవడానికి ఆయన నెత్తురు కూడా తీశారు. ఆయనకి సూదంటే చచ్చేంత భయం. ఏమీ లేదని తేలాక ఆసుపత్రి మెట్లు పదో తరగతి పాసైనట్టు దిగాడు. ఇక మిగిలింది నేను. నాకిచ్చింది ఎవరో చెప్పడానికి డాక్టరమ్మకి పరీక్ష అక్కర్లేకపోయింది. నల్లటి నేల సంగతి చెప్పగానే తలూపింది.

మరి మా అన్నయ్యకి రాలేదేమండి, వాడు అంతా నాన్న పోలికే కదా అన్నాను.

"ముక్కూ నడకా వేరే జతల్లోవండి. తండ్రి దగ్గర ఉండే ఎక్స్ ఒకటే. అది కూతురికే వస్తుంది. కొడుక్కి వై ఇస్తాడు కాబట్టి ఎక్స్ ఇవ్వడం కుదరదు. ఇవ్వాలనుకున్నా ఇవ్వలేడు."

క్వార్టర్సుకి వచ్చాక లావణ్య మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ నా మీద పెట్టుకున్న బరువు ఇప్పుడు తన మీద పడింది దానికి. "నేనే ఇచ్చానామ్మా వాడికి" అంది. నాకు పెద్ద మాటలు రావు. నువ్వు ఇచ్చావు, నీకు నేనిచ్చాను, నాకు మా నాన్న ఇచ్చాడు, ఆయనకి వాళ్ళమ్మ ఇచ్చింది, ఆవిడకి ఎవరిచ్చారో వాళ్ళ పేరు కూడా మనకి తెలీదు, ఎవరూ ఎంచి ఇవ్వలేదే అన్నాను. ఊపిరి కూడా దాంతోపాటే ఇచ్చాం కదా అన్నాను. అది కళ్ళు తుడుచుకుంది. తరవాత లేచి, ఉయ్యాల్లోంచి వాణ్ణి తీసి, నా ముందుకొచ్చి నిలబడింది.

"పట్టుకో అమ్మా."

మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని వచ్చి పట్టుకున్నాను. మూడు నెలల్లో రెండింతల బరువయ్యాడు. మెడ నిలబెట్టి నన్నే చూశాడు. ఎవరీవిడ అన్నట్టు.

మర్నాడు మండపేట వెళ్ళి, ఆసుపత్రి నుంచి ప్లాస్టిక్ కవర్లో తెచ్చి వాకిటి గూట్లో పెట్టిన పంచె ముక్కల్ని చెత్తబండిలో వేశాను. వేసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. బండి అబ్బాయి వేసేయండమ్మా అన్నాడు. వేసేశాను.

ఇప్పుడు

చదివేవాళ్ళకి నాలుగు మాటలు. పసిపిల్లలకి పాత గుడ్డలు వెయ్యండి, తప్పు లేదు. కానీ కలరా ఉండల పెట్టెలోంచి తీసినవి వద్దు, ఉతికినా వద్దు. పసిబిడ్డ పచ్చబడి, పాలు మాని, ఉచ్చ రంగు మారితే ఎండలో పెట్టి కూర్చోకండి, పసరుల వాళ్ళ దగ్గరికి పోకండి. ఆసుపత్రికి వెళ్ళండి. మావాడికి పడని మందుల పేర్లు డాక్టరమ్మ ఒక కార్డు మీద రాసిచ్చింది. దానికి గుడ్డ సంచీ కుట్టి లావణ్య బ్యాగుకి తగిలించాను. గోరింటాకు కూడా వద్దంది. ఆషాఢంలో మా వీధి పిల్లలందరి చేతులూ ఎర్రగా పండితే మావాడివి తెల్లగా ఉన్నాయి, వాడికేం లోటు రాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఫలానాది నాకు పడదు అంటే నవ్వి ఊరుకోకండి, ఎందుకు పడదో అడగండి. మా నాన్న నాకు అంతకంటే పెద్ద చీటీ రాసిపెట్టలేదు, దాన్ని నేనే చదవలేదు.

నా బీరువాలో ఇప్పుడు ఎండు వేపాకు ఉంటుంది. రాలిపోయి బట్టలకి అంటుకుంటుంది, దులుపుకుంటూ ఉంటాను.

పోయిన ఆదివారం లావణ్య బిడ్డతో మా ఇంటికి వచ్చింది. రామలక్ష్మి గారు పూతరేకుల పెట్టెతో సహా వచ్చింది. అన్నయ్య కూడా మనవణ్ణి చూడటానికి వచ్చి, కుట్టు మిషను పక్కన చాప మీద కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాడు. వాడు అన్నయ్య ముక్కు, అంటే మా నాన్న ముక్కే, గుప్పిటతో పట్టుకుని వదల్లేదు. రామలక్ష్మి గారు చెవి తనదంది. కళ్ళు మా ఆయనవి అన్నాను నేను. అన్నయ్య వాడి మొహం అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"మన నాన్నది వీడికి ఒక్కటీ రాలేదే చెల్లెమ్మా."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వాడి ఒళ్ళోంచి మనవణ్ణి తీసుకుని నా భుజం మీద వేసుకున్నాను.

"నాన్న దగ్గర ఒకే ఒక్క ఎక్స్ ఉండేది అన్నయ్యా. అది వీడి దగ్గరుంది. నీకు కూడా రాలేదు, నాకే ఇచ్చాడు."